వసపిట్ట కూర్చొనుటకు ఉత్తర్వులు కోరి

శ్రీయుత విద్యాధికారి గారి సముఖమునకు,
(ద్వారా: ఎవరి ద్వారానూ కాదు. నేరుగా. కారణం నాలుగో అంశంలో కలదు.)

అర్జీదారు: విశ్రాంత డెస్పాచ్ గుమస్తా, వయస్సు అరవై ఏడు, బడికి రెండు వీధుల అవతల కాపురం.

విషయం: ఆరవ తరగతి 'బి' సెక్షను గదిలోని తెల్లబోర్డుపై చెరగని పెన్నుతో ఒక పేరు రాయబడియుండుట – ఆ పేరుగల బాలిక పద్నాలుగు పనిదినములుగా నిలబడియుండుట – ఆమె కూర్చొనుటకును, మాట్లాడుటకును తగు ఉత్తర్వులు – కోరుట గురించి.

సూచిక: 1. తమ కార్యాలయపు యథాతథ స్థితి ఉత్తర్వు. 2. హెడ్మాస్టారి సర్క్యులరు. 3. నా మనవరాలి చీటీలు, పదకొండు.

అయ్యా,

అర్జీ ఎట్లా రాయాలో నాకు ఒకరు నేర్పనక్కరలేదు. ముప్పైమూడేళ్ళు ఒక కార్యాలయంలో వచ్చే కాగితానికి నంబరు వేసి, పోయే కాగితానికి ముద్ర వేసి బతికినవాణ్ణి. ఆ ముప్పైమూడేళ్ళలో ఒక్క మెమో గాని, ఒక్క సంజాయిషీ నోటీసు గాని అందుకోలేదు. పదవీ విరమణ నాడు ఆ సంగతి రాసిచ్చిన కాగితాన్ని అద్దం కట్టించి మా ముందుగదిలో గడియారం కింద తగిలించాను. టైము చూసుకునేవాళ్ళు అది కూడా చూస్తారని నా ఆశ.

అధికారులు మూడో పేరా దాటి చదవరని కూడా నాకు తెలుసు. అందుచేత అసలు సంగతి ఇక్కడే మనవి చేస్తున్నాను. మా మనవరాలు పద్నాలుగు రోజులుగా బళ్ళో కూర్చోవడం లేదు, ఇంట్లో మాట్లాడడం లేదు. కాళ్ళ నొప్పులు ఎట్లాగో ఓర్చుకోవచ్చు. ఆ పిల్ల మాట్లాడకపోవడం మాత్రం మా ఇంటిల్లిపాదీ ప్రాణం మీదికి వచ్చింది. తమరికి తీరిక లేకపోతే ఇక్కడితో ఆపి కింద ఉత్తర్వు రాసేయవచ్చును. తీరిక ఉంటే వివరములు ఇవిగో.

1. బాలిక గురించి:

సదరు బాలిక నా కుమారుడి ఏకైక కుమార్తె. వయస్సు పదకొండు. హాజరుపట్టీలో ఆమెకు నిండైన పేరొకటి ఉన్నది గాని, మాటలు వచ్చిన నాటినుంచి ఇంటా బయటా వసపిట్ట అనే వ్యవహారం. పొద్దున్నే కళ్ళు తెరవకముందే నోరు తెరుస్తుంది. పళ్ళు తోముకుంటూ మాట్లాడుతుంది. మనకు అర్థం కాలేదనిపిస్తే నురగ ఊసేసి మళ్ళీ మొదటినుంచి చెబుతుంది. కడుపులో ఏ మాటా దాగదు. పోయినేడు వాళ్ళ నాన్న పుట్టినరోజుకని రహస్యంగా చొక్కా కొన్నాము. సాయంత్రానికల్లా ఆ చొక్కా రంగు వీధి చివర ఇస్త్రీ దుకాణం ఆయనకు కూడా తెలిసిపోయింది. దాని నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటావిడ అంటుంది.

2. సంఘటన:

రెండు వారాల కిందటి సోమవారం, మూడో పీరియడు. ఆ ఉదయం నుంచే క్లాసు టీచరు ప్రసూతి సెలవులో ఉన్నారు. టీచరు లేని తరగతిలో లీడరు బోర్డు దగ్గర నిలబడి మాట్లాడినవాళ్ళ పేర్లు రాస్తుంది. ఈ పద్ధతి తమరికి తెలియనిది కాదు. తమరి పేరు కూడా చిన్నప్పుడు ఏదో ఒక బోర్డు ఎక్కే ఉంటుంది. లీడరు కూడా ఆడపిల్లే. మా మనవరాలి పక్కనే కూర్చుంటుంది. ఇద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం స్నేహం. అయినా డ్యూటీ దగ్గర మొహమాటం లేదు. ఆ పిల్ల పెద్దయితే తమరి కుర్చీలో కూర్చుంటుందని నా నమ్మకం.

బోర్డు పెన్ను ఎండిపోయింది. లీడరు మా మనవరాలి పెన్సిలు డబ్బాలో చెయ్యి పెట్టి, చేతికందిన నల్లపెన్ను తీసుకుని, పైన 'మాట్లాడినవారు' అని రాసి కింద గీత గీసింది. అప్పటికింకా ఎవరూ మాట్లాడలేదు. గీత పూర్తికాగానే మా మనవరాలు లేచి "ఒసే, ఆ పెన్ను చెరగదే" అన్నది. మాట్లాడినది గనుక లీడరు 'వసపిట్ట' అని ఆమె పేరు రాసింది. "నిజంగానే చెరగదే, కావాలంటే తుడిచి చూడు" అన్నది. పేరు పక్కన ఒక చుక్క పడింది. మళ్ళీ మాట్లాడితే చుక్క పెట్టడం ఆ తరగతి ఆనవాయితీ. "నా మాట వినవే, రాయకే" అన్నది. రెండో చుక్క. "చుక్క కూడా పోదే" అన్నది. మూడో చుక్క. వెరసి మూడు చుక్కలు.

చెరగని పెన్నుతో రాయవద్దని చెప్పిన నేరానికి చెరగని పెన్నుతోనే పేరు ఎక్కించుకున్న మనిషి మా వసపిట్ట ఒక్కతే అయి ఉంటుంది. మిగతా నలభైఒక్క మందీ అది చూసి కిక్కురుమనలేదు. అందుచేత 'మాట్లాడినవారు' అన్న శీర్షిక కింద నేటికీ ఒకే ఒక్క పేరు ఉన్నది.

సదరు పెన్ను ఆ డబ్బాలోకి ఎట్లా వచ్చినదన్న సంగతి ఏడో అంశంలో మనవి చేస్తాను.

3. నియమము:

బోర్డు మీద పేరు ఉన్నంతసేపూ ఆ పేరుగలవారు నిలబడి ఉండవలెను. పీరియడు చివర లీడరు తుడిచిన మీదట కూర్చొనవచ్చును. ఇది క్లాసు టీచరు పెట్టిన నియమం. సబబైనదే. పెట్టినప్పుడు ఇట్లాంటి పెన్ను ఒకటి ఉంటుందని ఆవిడకు తట్టలేదు.

4. చెరుపుటకు జరిగిన ప్రయత్నములు, హెడ్మాస్టారు, తమ కార్యాలయము:

బడి అటెండరు ఓపికగల మనిషి. తడిగుడ్డ, సబ్బునీళ్ళు, టూత్‌పేస్టు, నిమ్మచెక్క, పెన్సిలు రబ్బరు, అన్నీ వరసగా ప్రయత్నించాడు. చివరికి గిన్నెలు తోమే ఇనుప పీచు తెచ్చాడు. పీచుతో పేరు పోలేదు గాని, పేరు పక్కన అరచేయంత మేర బోర్డు నునుపు పోయి మసకబారింది. ఆ బోర్డు వచ్చి నెల కూడా కాలేదు. తమ కార్యాలయం పంపినదే.

సంగతి హెడ్మాస్టారి దాకా వెళ్ళింది. ఆయనకు పదవీ విరమణ ఎనిమిది నెలలున్నది. ఈ ఎనిమిది నెలలూ బడిలో ఏ గోడా పెచ్చు ఊడకుండా, ఏ కుర్చీ కాలూ విరగకుండా గడిచిపోతే చాలునని ఆయన కోరిక. వెంటనే 'రాతపూర్వక అనుమతి లేనిదే సదరు పేరును ఎవ్వరూ తాకరాదు' అని సర్క్యులరు తీశారు. పేరు చుట్టూ ఎర్రటేపు అంటించారు. తమ కార్యాలయానికి లేఖ రాశారు. నాలుగో రోజునే జవాబు వచ్చింది. అంత తొందరగా ఒక కార్యాలయం జవాబివ్వడం నా సర్వీసులో నేను చూడలేదు. 'తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను' అని అందులో ఉన్నది. యథాతథ స్థితి అంటే, అయ్యా, పేరు బోర్డు మీద, పిల్ల కాళ్ళ మీద.

నేను స్పిరిటు సీసా, దూది పట్టుకుని స్వయంగా బడికి వెళ్ళాను.

"గుమస్తా గారూ, మీరు ఆఫీసులో పనిచేసినవారు. మీరే చెప్పండి, పైనుంచి యథాతథ స్థితి అని కాగితం వచ్చాక మనం చెరపొచ్చా?" అన్నారు హెడ్మాస్టారు.

"చెరపకూడదు" అన్నాను. అలవాటు కొద్దీ నోటినుంచి వచ్చేసింది. సీసాకు మూత పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ పూట మా ఇంటావిడ కూడా నాతో మాట్లాడలేదు.

హెడ్మాస్టారు మరొక మాట కూడా అన్నారు. ఇంత పని చేసిన పెన్నును బడిలోకి పంపిన పెద్దమనిషి ఎవరో తేలిన మరుక్షణం, పైనుంచి వారికి మెమో ఇప్పిస్తానన్నారు. సంఘటన జరిగిన రోజున తరగతిలో పిల్లలందరి ముందు కూడా ఇదే మాట అన్నారట. మా మనవరాలిని లేపి, లేపే పని లేదు, నిలబడే ఉన్నది, "ఈ పెన్ను నీకు ఎవరిచ్చారమ్మా" అని అడిగారట. ఆమె నోరు విప్పలేదట. ఆ మూసిన నోరు ఇంతవరకు తెరవలేదు.

5. చదువుకు కలిగిన నష్టము:

పాఠాలన్నీ పేరును తప్పించుకుని సాగుతున్నాయి. లెక్కల మాస్టారి భాగహారం టేపు దాకా వచ్చి, ఆగి, అవతలి పక్కనుంచి మళ్ళీ మొదలవుతుంది. శేషం ఎంతో పిల్లలకు తేలడం లేదు. సైన్సు టీచరు వేసిన జీర్ణవ్యవస్థ బొమ్మలో సరిగ్గా పొట్ట ఉండవలసిన చోట ఎర్రటేపులో మా మనవరాలి పేరు పడింది. యూనిట్ పరీక్షలో 'మనం తిన్న ఆహారం ఎక్కడ జీర్ణమగును?' అన్న ప్రశ్నకు ఆరుగురు 'వసపిట్టలో' అని రాశారట. మార్కులు వేయాలా వద్దా అని సైన్సు టీచరు హెడ్మాస్టారిని అడిగారు. హెడ్మాస్టారు యథాతథ స్థితి అన్నారు.

6. కూర్చోమని ఎవరూ చెప్పలేదా అని తమరు అడుగుదురు గనుక:

అందరూ చెప్పారు. లెక్కల మాస్టారు కూర్చోమన్నారు. సైన్సు టీచరు బతిమాలారు. క్లాసు టీచరు పురిటి మంచం మీదనుంచి ఫోను చేసి "అయ్యో నా తల్లే, ఇంకా నిలబడే ఉందా, ముందు దాన్ని కూర్చోమనండి" అన్నారు. అందరికీ మా మనవరాలు ఒకే చీటీ చూపించింది. 'నోటిమాట చెల్లదు. కాగితం కావాలి.'

ఈ వాక్యం నాది, అయ్యా. ఇంట్లో నేను రోజుకు నాలుగుసార్లు అనే మాట. ఆడుకోవడానికి వెళ్తానంటే 'నోటిమాట చెల్లదు, అర్జీ పెట్టుకో' అనేవాణ్ణి. అది రాసుకొచ్చేది. నేను ఎర్రసిరాతో 'అనుమతించడమైనది' అని రాసి, పాత ముద్ర ఒకటుంటే దానితో గుండ్రంగా ముద్ర వేసి ఇచ్చేవాణ్ణి. ఇద్దరికీ అదొక ఆట. ఆట అని నేను అనుకున్నాను. అది నిజమనుకుని పెరిగింది.

లెక్కల మాస్టారు పాపం కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ముద్ర లేదని తిప్పి పంపింది. ముద్ర హెడ్మాస్టారి బీరువాలో ఉన్నది. ఉత్తర్వు ఉండగా ముద్ర బయటికి తీయనని ఆయన అంటున్నారు. చేసుకున్నవారికి చేసుకున్నంత అని మా ఇంటావిడ నా వంక చూస్తూ అన్నది.

భోజనాల వేళ, ఆటల వేళ కూర్చుంటుంది. పరీక్ష రాసేటప్పుడు బెంచీ మీద పుస్తకాలు పేర్చుకుని వాటిపై కాగితం పెట్టుకుని నిలబడే రాసింది. సాయంత్రం ఇంటికి రాగానే మా కోడలు వేడినీళ్ళ బకెట్టులో దాని కాళ్ళు పెట్టిస్తున్నది.

7. ఇంటి పరిస్థితి:

పెన్ను సంగతి ఇక్కడ మనవి చేస్తానన్నాను గాని, ముందు ఇది చెప్పకపోతే నాకు ఊపిరి ఆడదు.

మా ఇంట్లో గడియారం చప్పుడు చేస్తుందని నాకు ఈ పద్నాలుగు రోజుల్లోనే తెలిసింది. అన్నం దగ్గర కూర్చుంటే గిన్నెల చప్పుడు వినపడుతున్నది. మా అబ్బాయి పనినుంచి రాగానే గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాడు. రోజూ అక్కడ నిలబెట్టి ఆ రోజు బళ్ళో జరిగిందంతా అప్పజెప్పేది కదా, ఆ అలవాటు. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి చెప్పులు విప్పి మెల్లగా లోపలికి వస్తాడు.

"మామయ్యగారూ, డాక్టరుకు చూపిద్దామా?" అన్నది మా కోడలు. చూపించాము. డాక్టరు లైటు వేసి చూసి, గొంతు గంటలా ఉంది, చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది అన్నాడు.

కావలసినవి చీటీల మీద రాసి ఇస్తున్నది. నేను నేర్పిన పద్ధతిలోనే. 'విషయం: మంచినీళ్ళు – ఒక గ్లాసు – కోరుట గురించి.' 'విషయం: ఫ్యాను వేగము తగ్గించుట గురించి.' 'విషయం: నాయనమ్మ నన్ను చూసి ఏడ్చుట – మానిపించుట గురించి.' పదకొండో చీటీలో 'విషయం: ఏమీ లేదు' అని రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సంఘటనకు ముందురోజు ఆదివారం నేను వీధిదీపం గురించి ఒక అర్జీ రాస్తున్నాను. అది పక్కన కూర్చుని తెంపు లేకుండా మాట్లాడుతున్నది. "ఒక్క పది నిమిషాలు నోరు మూసుకోవే తల్లీ" అన్నాను. ఆ పది నిమిషాలు నాకు వద్దు, అయ్యా. వీధిదీపం కూడా వద్దు.

8. చెరుపు విధానము:

పెన్నుల దుకాణం ఆయన ఒక ఉపాయం చెప్పాడు. "చెరిగే బోర్డు పెన్ను తీసుకుని ఆ పాత అక్షరాల మీదనే దిద్దండి. తడి ఆరకముందే తుడిచేయండి. కొత్తదాంతోపాటు పాతది కూడా లేచి వచ్చేస్తుంది." నీళ్ళు అక్కర్లేదు, స్పిరిటు అక్కర్లేదు, బోర్డుకు గీత పడదు.

ఇంట్లో ప్రయోగం చేసి చూచాను. మా వంటింట్లో డబ్బాలన్నిటి మీదా చెరగని పెన్నుతో పేర్లు రాసి ఉన్నవి. ఎవరు రాశారన్నది తొమ్మిదో అంశంలో. వాటిలో ఉప్పు డబ్బా మీద పొరపాటున 'పంచదార' అనీ, పంచదార డబ్బా మీద 'ఉప్పు' అనీ ఉన్నది. రెండేళ్ళుగా ఇంట్లోవాళ్ళం దానికి అలవాటు పడిపోయాము, ఇబ్బందల్లా చుట్టాలకే. ఆ రెండింటి మీదా దిద్ది తుడిచాను. అద్దంలా పోయినవి. ఇప్పుడు ఏది ఏదో తెలియక మా కోడలు ప్రతిసారీ నాలుక మీద వేసుకుని చూస్తున్నది. ఉపాయం మాత్రం నిజమని తేలింది.

పరుగున బడికి వెళ్ళాను. హెడ్మాస్టారు అంతా విని, తల పట్టుకుని, చివరికి ఒక దారి కనిపెట్టారు. "చెరపడానికని ఎవరైనా బోర్డు ముట్టుకుంటే ఉత్తర్వు మీరినట్టు. కానీ లీడరు పేరు రాయడం, పీరియడు చివర తుడవడం రోజూ జరిగేదే. అది యథాతథ స్థితి కిందికే వస్తుంది. లీడరు ఆ పేరు మీదనే మళ్ళీ రాసి తుడిస్తే నాకు అభ్యంతరం లేదు."

లీడరును పిలిపించాము. వచ్చి నిలబడింది. చేతిలో కొత్త బోర్డు పెన్ను.

"తను మాట్లాడకుండా పేరెలా రాయను తాతగారూ? అబద్ధం రాసినట్టవుతుంది కదండీ" అన్నది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ "రోజూ ఈ పెన్ను పట్టుకునే కూర్చుంటున్నానండీ. ఒక్క మాటంటే చాలు. ఏ మాటైనా సరే. అది అనడం లేదు" అన్నది.

కాబట్టి పరిస్థితి ఇది. పేరు పోవాలంటే మా మనవరాలు తరగతిలో నోరు తెరవాలి. అది తెరవదు. ఎందుకు తెరవదో చెప్పదు, చెప్పాలన్నా నోరు తెరవాలి కదా.

9. పెన్ను:

ఈ అంశాన్ని నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాను.

సదరు పెన్ను నాది. డబ్బాల మీద పేర్లు రాసినదీ నేనే, గొడుగు మీద రాసినదీ నేనే, చీపురు మీద 'చీపురు' అని రాసినదీ నేనే. పిల్ల అప్పటికి మూడు నీళ్ళ సీసాలు పోగొట్టుకుంది. నాలుగోదాని మీద పేరు రాసుకుంటుందని ఆ సోమవారం ఉదయం నా చేతులతో ఆ పెన్ను తీసి దాని డబ్బాలో పెట్టాను. వెళ్ళేటప్పుడు చెప్పడం మరిచిపోయాను.

హెడ్మాస్టారు మెమో అన్న రోజున ఆయన ఎదురుగానే ఉన్నాను. చెప్పలేదు. ఇంటికి వచ్చి గడియారం కింద ఉన్న ఆ కాగితం వంక చూశాను. అప్పటినుంచీ రోజూ చూస్తూనే ఉన్నాను. పిల్ల నిలబడింది, నేను కూర్చున్నాను. అరవై ఏడేళ్ళ వయస్సులో నాకు సిగ్గుగా ఉన్నది.

కావున తమరు పెద్దమనస్సుతో,

(అ) సదరు బాలిక కూర్చొనవచ్చునని గుండ్రని ముద్రతో ఉత్తర్వు ఇప్పించవలెనని;

(ఆ) ఆమె తరగతిలో, ఏ విషయం పైనైనా సరే, ఒక్క మాట మాట్లాడవలసినదిగా ఆదేశించవలెనని;

(ఇ) యథాతథ స్థితి ఉత్తర్వు వెంటనే ఎత్తివేయవలెనని;

(ఈ) పెన్ను విషయంలో నా గత సర్వీసును దృష్టిలో ఉంచుకుని నన్ను దయతో చూడవలెనని

వేడుకుంటున్నాను. మూడో పేరాతో ఆపకుండా ఇందాకా వచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. ఆ పిల్ల కాళ్ళను తలచుకుని తమరు తొందరగా చిత్తగించవలెను.

ఇట్లు,
ముప్పైమూడేళ్ళు వచ్చిన ప్రతి అధికారికీ విధేయుడై, ఆ అలవాటు చొప్పున తమ విధేయుడు,
వసపిట్ట తాత

జతపరచినవి: చీటీలు పదకొండు. తుడిచిన డబ్బా మూత ఒకటి (ఉప్పుదో పంచదారదో చెప్పలేను).

తా.క.:

పై అర్జీ శుభ్రప్రతిని నిన్న సాయంత్రం బల్ల మీద పెట్టి, కవరు కోసం లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వసపిట్ట దాన్ని చదువుతున్నది. తొమ్మిదో అంశం మీద వేలు ఉన్నది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నాలుగు" అంది.

పద్నాలుగు రోజుల తర్వాత విన్న గొంతు. కాస్త బొంగురుపోయింది. దేనికి నాలుగో నాకు అర్థం కాలేదు.

"చుక్కలు మూడు కాదు తాతయ్యా, నాలుగు. నాలుగోసారి 'అది మా తా' అన్నాను. మా తాతయ్య పెన్ను అని చెబుదామని. అప్పుడే హెడ్మాస్టారు గుమ్మంలో కనపడ్డారు. ఆపేశాను. 'మా తా' అన్నదానికే చుక్క పెట్టేసింది."

"తర్వాతైనా ఎందుకు చెప్పలేదే? ఆయన అడిగారు కదా?"

"మెమో ఇప్పిస్తానన్నారుగా. నీకు ఒక్క మెమో కూడా లేదు కదా, గడియారం కింద కాగితంలో ఉంది కదా. ఎవరడిగినా చెప్పకూడదు అనుకున్నా. కానీ నా నోరు సంగతి నాకు తెలీదా? మంచినీళ్ళు అడుగుదామని తెరిచినా పెన్ను సంగతి బయటికొచ్చేస్తుంది. ఇంట్లో మాట్లాడితే నాయనమ్మకి తెలుస్తుంది, నాయనమ్మకి తెలిస్తే ఇస్త్రీ ఆయనకి తెలుస్తుంది. అందుకని మొత్తానికే మూసేశా. ఇప్పుడు నువ్వే రాసేశావుగా, ఇంక నాకేంటి."

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల పద్నాలుగు రోజులు నా పెన్నును నోట్లో దాచుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇట్లాంటివి అర్జీలో రాయకూడదని తెలుసు. రాశాను.

ఆ తర్వాత అది మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ దాచిన మాటలన్నీ తారీఖుల వారీగా చెప్పింది. పొట్ట బొమ్మలో తన పేరు రావడం, లెక్కల మాస్టారి శేషం, లీడరు రోజూ తన టిఫిను డబ్బాలో సగం పెట్టడం, నిలబడితే కిటికీలోంచి కనపడే మేడ మీద ఎవరో పిల్లి పిల్లలను పెంచుతూ ఉండడం. మా ఇంటావిడ పొయ్యి కట్టేసి వచ్చి నేల మీద కూర్చుంది. మా అబ్బాయి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి విన్నాడు. గడియారం చప్పుడు మళ్ళీ నాకు వినపడలేదు.

ఈ రోజు మూడో పీరియడులో లీడరుతో "ఇంక రాయవే" అన్నదట. లీడరు లేచి, 'మాట్లాడినవారు' నుంచి నాలుగో చుక్క దాకా కొత్త పెన్నుతో అన్నిటి మీదా దిద్దిందట. తుడిచిందట. అంతా పోయింది, ఆ మసకబారిన అరచేయంత తప్ప. మా మనవరాలు కూర్చుంది.

"ఉత్తర్వు రాకుండానే ఎట్లా కూర్చున్నావే?" అని అడిగాను.

"పేరు చెరిగింది కదా తాతయ్యా. రూల్ ప్రకారమే కూర్చున్నా" అంది. తర్వాత నేను హెడ్మాస్టారి గదికి వెళ్ళి పెన్ను నాదని చెప్పి వచ్చాను. ఆయన కుర్చీ చూపించి మంచినీళ్ళు తెప్పించారు, మెమో మాట మాత్రం ఎత్తలేదు.

కావున (అ), (ఆ), (ఇ) కోరికలను ఉపసంహరించుకుంటున్నాను. (ఈ) కోరికను ఈ కింది విధంగా సవరించి చదువుకొనవలెను.

నాకు ఒక మెమో ఇప్పించవలెను. నా పేర, పూర్తి పేర. కారణం: చెరగని పెన్నును పిల్ల డబ్బాలో పెట్టి, పిల్ల నిలబడి ఉండగా తాను నోరు మూసుకుని కూర్చొనుట. గుండ్రని ముద్ర తప్పనిసరి. మా మనవరాలు ముద్ర చూడనిదే నమ్మదు.

గడియారం కింది కాగితం పొద్దున్నే తీసి బీరువాలో పెట్టాను. అద్దం తుడిచి ఉంచాను. మేకు ఖాళీగా ఉన్నది.